కౌన్సెలర్ల జాబితా జనం ముందు పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఫోన్‌లోనే మానసిక వైద్య సలహా తీసుకునే పద్ధతి ఇప్పుడు మా తెనాలి లాంటి ఊళ్లకూ వచ్చేసింది. ఉన్నట్టుండి ఉద్యోగం పోయిన కుర్రాళ్లు, కాన్పయ్యాక దిగులుతో కుమిలిపోయే ఆడపిల్లలు, రిటైరయ్యాక పొద్దు ఎలా గడపాలో తోచని పెద్దమనుషులు, పిల్లలు అమెరికా వెళ్లిపోయి ఇంట్లో ఇద్దరే మిగిలినవాళ్లు... వీళ్లలో చాలామంది మానసిక వైద్యుడి గడప తొక్కరు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనన్న భయం అలాంటిది. అందుకే ఈ ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌ను నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. నా బాధల్లా ఒక్కటే. తెర మీద కనిపించే మనిషి ఏం చదివాడో, ఎక్కడ రిజిస్టరయ్యాడో మామూలు జనం తేలిగ్గా తెలుసుకునే దారి లేదు. ఆ దారి చూపించమని చట్టం ప్రభుత్వానికి ఎప్పుడో చెప్పింది.

అవసరం ఎంతుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జబ్బును బట్టి చూస్తే వీళ్లలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. పల్లెటూరి మనిషి డాక్టరును చూడాలంటే గుంటూరో విజయవాడో వెళ్లాలి. ఆ రోజు కూలి పోతుంది, తోడుగా ఇంకొకరు రావాలి, ఎక్కడికెళ్లొస్తున్నారని దారిలో అడిగినవాళ్లకల్లా ఏదో ఒకటి చెప్పాలి.

మా వీధిలో ఒకావిడ భర్త పోయాక పూర్తిగా ముడుచుకుపోయింది. కూతురు బెంగళూరు నుంచే ఒక యాప్‌లో కౌన్సెలింగ్ ఏర్పాటు చేసింది. హాల్లో అత్తగారు ఉంటారు కాబట్టి ఈవిడ డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు వెనక నీడలో కూర్చుని మాట్లాడేది. మొదట వచ్చినామె సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడితే ఈవిడ అన్నిటికీ ‘బాగానే ఉన్నానండీ’ అని ఫోన్ పెట్టేసేది. తర్వాత తెలుగమ్మాయి వచ్చింది. ‘రాత్రిళ్లు అన్నం తింటున్నారా అమ్మా? ఎవరితో కలిసి తింటున్నారు?’ అని అడిగిందట. భర్త పోయిన నాటి నుంచి గొంతు దాటని ఏడుపు ఆ మాటకు బయటపడిందని ఆవిడే నాతో చెప్పింది. తర్వాత కొన్నాళ్లకు మళ్లీ గుడికి రావడం మొదలుపెట్టింది. ఈ సంగతి పత్రికకు రాస్తానంటే, పేరు లేకుండా రాయండి అంది.

నా దగ్గర చదువుకున్న కుర్రాడి అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి ఇంటికొచ్చాడు. అప్పటికే సైకియాట్రిస్టు రాసిచ్చిన మాత్రలు వాడుతున్నాడు. ఫోన్‌లో ప్రకటన చూసి ఒక ‘థెరపిస్టు’కు ప్యాకేజీ మొత్తం ముందే కట్టేశాడు. ఆ పెద్దమనిషి మొదట చెప్పిన మాటే మాత్రలు ఆపేయమని. వాటి బదులు తను నడిపే ఇంకో కోర్సులో చేరమన్నాడట. పిల్లవాడికి మళ్లీ నిద్ర పట్టడం మానేసింది, చేతులు వణకడం మొదలైంది. తండ్రి ఫోన్ చేసి మీరేం చదివారని నిలదీస్తే, కొద్ది రోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ ఫొటో పంపించాడు. దాన్ని నేను చూశాను. దాని మీద రిజిస్ట్రేషన్ నంబరంటూ ఏమీ లేదు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

ఇక్కడ ఎవరు ఎవరో పాఠకులకు తెలియాలి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మాత్రలు రాయాలన్నా ఆపాలన్నా డాక్టరే చెప్పాలి. క్లినికల్ సైకాలజిస్టు మాత్రలు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు; వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. ‘కౌన్సెలర్’, ‘కోచ్’, ‘హీలర్’ అన్న బోర్డులు మాత్రం ఎవరు పెట్టుకున్నా అడిగే నాథుడు లేడు. సైకాలజిస్టులను, కౌన్సెలర్లను కూడా రిజిస్టర్ పరిధిలోకి తేవడానికి పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. దాన్ని అమలు చేయమని కేంద్రానికీ రాష్ట్రాలకూ 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

అంతకంటే ముందుదే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. అది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. రాష్ట్రంలోని క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక వైద్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నమోదు చేసి ఆ జాబితాను ప్రకటించే బాధ్యత రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థదేనని ఆ చట్టం చెబుతోంది. నేనడిగేది ఇదే. ఆ జాబితాను తెలుగులో, జిల్లాలవారీగా, పేరు కొడితే ఫోన్‌లో కనిపించేలా పెట్టండి. ఎవరు తెలుగులో మాట్లాడగలరో కూడా అందులో రాయండి. మన రాష్ట్రాల్లో డబ్బు తీసుకుని కౌన్సెలింగ్ చేసే ప్రతి యాప్ ఆ మనిషి చదువును, రిజిస్ట్రేషన్ నంబరును డబ్బు కట్టే పేజీ కంటే ముందే చూపించి తీరాలని ఉత్తర్వు ఇవ్వండి.

చెప్పుకున్న మాట ఎక్కడికి పోతుందన్నది ఇంకో భయం. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ థెరపీ కంపెనీ తన దగ్గరకు వచ్చినవాళ్ల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి సంస్థలకు అందించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆ కేసులో 2023లో 78 లక్షల డాలర్లు కట్టించింది. మన 2017 చట్టంలోనూ రోగి గోప్యత హక్కు స్పష్టంగానే ఉంది. డాబా మీద ట్యాంకు చాటున కూర్చుని ఒక విధవరాలు చెప్పుకున్న దుఃఖం ఏ ప్రకటనల కంపెనీకీ చేరకుండా చూసే అధికారి ఎవరో, ఫిర్యాదు ఎక్కడ చేయాలో కూడా ఆ జాబితా పక్కనే ఉండాలి.

ఇప్పుడు దీనికి తొందర ఎందుకంటే, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. మంచి తీర్పు. కానీ అర్హత ఎవరికుందో తేల్చే జాబితా చేతిలో లేకపోతే కాలేజీలు ఏదో ఒక యాప్‌తో ఒప్పందం రాసుకుని, నోటీసు బోర్డు మీద ఒక నంబరు అంటించి ఊరుకుంటాయి. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ల తీరు దగ్గర నుంచి చూసిన దాన్ని కాబట్టి ఈ మాట అంటున్నాను.

జాబితా వచ్చేదాకా జనం దిక్కులేకుండా ఏమీ లేరు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి-మానస్ ఉంది. 14416కు ఏ వేళలో చేసినా శిక్షణ పొందిన కౌన్సెలర్లు పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. అవసరమనుకుంటే వాళ్లే సైకియాట్రిస్టు దగ్గరకు పంపిస్తారు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్లు యాప్‌లో వచ్చే వారం అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే ఈ నంబరుకు చేయాలి. ప్రాణం మీదికొస్తే 108. ఇంత మంచి సేవ ఉందని మా వీధిలో నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. రేషన్ షాపు గోడ మీద, బస్టాండులో, సచివాలయం తలుపు మీద ఈ అయిదంకెలు రాయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు కదా!

మీకూ ఒక మనవి. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు మీ పత్రిక నిండా కాలేజీల ర్యాంకుల ప్రకటనలే ఉంటాయి. ఈసారి ఆ పేజీలన్నిటిలోనూ 14416 నంబరును అందరికీ కనిపించేంత పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జూనియర్ కళాశాల అధ్యాపకురాలు,
తెనాలి.