బెరడు మీద ఎర్ర అంచు

ఒరేయ్ సూరీ,

నువ్వు ఫోన్ చేస్తే మనవాళ్ళ పెళ్ళిళ్ళ గొడవతోనే సరిపోతుంది, నా మాట ఒక్కటీ సాగదు. అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువు.

ఇక్కడ ఫ్లోరిడాలో కార్క్‌స్క్రూ అని ఒక చిత్తడి అడవి ఉంది. నీళ్ళలో నిలబడ్డ పాతకాలపు సైప్రస్ మానులు, మధ్యలో చెక్క బాట. ఆ నీడలో బెరళ్ళ మీద గుండ్రటి మచ్చలుంటాయిరా, చూసి తీరాలి! నడుమ బూడిద కలిసిన ఆకుపచ్చ, దాని మీద ఎర్రటి సన్న పొక్కులు, చుట్టూ తెల్లటి వలయం, చివర నెత్తురెరుపు అంచు. ఎవరో పనిగట్టుకుని ముగ్గేసి కుంకుమ చల్లినట్టుంటుంది. వీళ్ళు దాన్ని క్రిస్మస్ లైకెన్ అంటారు. శాస్త్రీయ నామం హెర్పోథాలన్ రుబ్రోసింక్టమ్. 1820లో ఎరెన్‌బర్గ్ అనే జర్మన్ వర్ణించాడు. ఆ తర్వాత ఆ ప్రజాతీ (దగ్గరి జాతుల గుంపు) ఈ ప్రజాతీ తిప్పి 2009లో ఈ హెర్పోథాలన్‌లో చేర్చారు. ఫ్లోరిడాలో ఉన్నది కొంతే. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వానడవుల్లోనూ ఇది పెరుగుతుంది.

లైకెన్ నీకు కొత్తదేం కాదు. నీ బిర్యానీ మసాలాలో పడే రాతిపువ్వూ లైకెనే. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి బతకడమే లైకెన్ అంటే. నాచు ఎండతో తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం దానికి నీడా తేమా ఇస్తుంది. దీన్లో ఉండే నాచు ట్రెంటెపోలియా. పేరుకి ఆకుపచ్చ నాచుల కుటుంబమే, విడిగా పెరిగితే మాత్రం నారింజ రంగు! అంచు ఎరుపు దానిది కాదు, కయోడెక్టానిక్ ఆమ్లం అనే రంగుపదార్థానిది.

నాకు బాగా నచ్చింది ఆ పొక్కుల సంగతి. అవి విరిగి రాలతాయి. ఒక్కో పొక్కులో శిలీంధ్రమూ నాచూ రెండూ ఉంటాయి కాబట్టి, పడ్డచోటు కుదిరితే అక్కడే కొత్త లైకెన్. జోడీ వెతుక్కునే పనే లేదు. మన పెళ్ళిళ్ళ పేరయ్య వింటే ఏడుస్తాడు.

మా పక్కింటాయన తన ఓక్ చెట్టుకి తెగులు పట్టిందని దీని మీద బ్లీచింగ్ కొట్టబోయాడు. ఆపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. దీనికి వేళ్ళే లేవు, చెట్టు రసం తాగదు. బెరడు మీద కూర్చుంటుందంతే. నీళ్ళు వానవి, మంచువి. చెట్టు వేరే ఏ కారణంతోనో నీరసపడి ఆకు రాల్చినా జనం నేరం లైకెన్ మీదే వేస్తారు.

మారేడుమిల్లి వెళ్ళినప్పుడు జలపాతాలే కాదు, మానుల మొదళ్ళు కూడా ఫొటో తీసి పంపు. ఎర్ర అంచుది దొరుకుతుందని కాదు, మనవైపు ఏమేం ఉన్నాయో చూద్దామని. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు