డాక్టరమ్మకు, ఖైనీ డబ్బా లాక్కున్న ల్యాబ్ అక్కకు

మా సైట్లో టైల్స్ వేసే కుర్రాడిది బీహార్, ముజఫర్‌పూర్ వైపు. మూతి చుట్టూ, చేతుల మీద తెల్ల మచ్చలొస్తే తోటివాళ్లు కుష్టు అనుకొని వాడి పళ్లెం, గ్లాసు వేరు పెట్టారు. చూసి కూడా ఊరుకున్నా, అది నా తప్పే. ఒక క్లినిక్‌లో కుష్టు మందులే రాశారు. ఆరు నెలలు మింగినా ఒక్క మచ్చ పోలేదు.

డాక్టరమ్మా, మీరు వాడి కళ్లు మూయించి దూది పోగుతో మచ్చల్ని తాకితే తాకిన ప్రతిసారీ "హా" అన్నాడు. కుష్టు మచ్చకైతే సాధారణంగా స్పర్శ ఉండదట. స్పర్శ ఉందని తెలియగానే మీరడిగిన మాట, "కాలా అజార్ జ్వరం ఎప్పుడైనా వచ్చిందా?" నాలుగేళ్ల కింద వచ్చిందట, సెలైన్‌లో మందు ఎక్కించి పంపారట. జ్వరం పోయినా దాన్ని తెచ్చే పరాన్నజీవి చర్మంలో ఉండిపోయి ఏళ్లకు ఇలా మచ్చలవుతుందని, ముట్టుకుంటే అంటదని, సాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుడితేనే వస్తుందని అప్పుడే తెలిసింది.

రక్తపరీక్షతో తేలదన్నారు, జబ్బు తగ్గిన ఏళ్ల తర్వాత కూడా అది పాజిటివ్ చూపిస్తుందట. చర్మం గీసి చూడాలనగానే మనవాడు కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరికి పోయాడు. "సరే, ముందు ఉమ్మి ఇవ్వు" అన్నారు. పీసీఆర్ అనే పరీక్షలో పరాన్నజీవి డీఎన్‌ఏ వెతుకుతారట. ఇది ఇంకా పరిశోధనలో ఉన్న పద్ధతి, దీన్ని బట్టే మందు రాయను అని కూడా ముందే చెప్పారు.

తీరా ట్యూబు చేతికిస్తే బుగ్గలో ఖైనీ! ల్యాబ్ అక్క పుక్కిలింపించి అరగంట కూర్చోబెట్టింది. మళ్లీ జేబులో చెయ్యి పెట్టేసరికి డబ్బా లాక్కుంది. ఇప్పటికీ ఇవ్వలేదు, ఇవ్వొద్దక్కా. ఉమ్మిలో పాజిటివ్ వచ్చాక వాడే గీయించుకుంటానన్నాడు. అందులోనూ అదే తేలింది.

1897లో రోనాల్డ్ రాస్ అనే డాక్టర్ మలేరియా దోమతో వస్తుందన్న గుట్టు పట్టింది మన సికింద్రాబాద్‌లోనే కదా, 1903లో ఈ పరాన్నజీవికి లీష్మేనియా అని పేరు పెట్టిందీ ఆయనేనట. బేగంపేటలో ఆయన పనిచేసిన బంగళా ముందునుంచే రోజూ పోతా, ఒక్కసారి తల తిప్పి చూడలేదు.

మిల్టెఫోసిన్ అనే మందు 12 వారాలు రాశారు. కడుపులో తిప్పుతుంది, తిన్నాకే వేసుకోవాలి. పొద్దున్నే వాడికి రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టి డబ్బు తీసుకోని టిఫిన్ బండి పెద్దమ్మకు, భోజ్‌పురిలో సర్దిచెప్పిన వాచ్‌మన్ భాయ్‌కి కూడా నా దండాలు.

మచ్చలు పూర్తిగా పోవడానికి ఏడాది పట్టొచ్చట. మూతి దగ్గర రంగు కలుస్తోంది. నిన్న అందరితో పాటు కూర్చుని ఒకే గిన్నెలోంచి పప్పు వేసుకున్నాడు. గ్లాసు మాత్రం తనే కడిగి ఇంకా పక్కనే పెట్టుకుంటున్నాడు.