మౌస్‌కు తీగ తీసేద్దాం, కీబోర్డుకు ఉంచుదాం

సంపాదక మహాశయులకు,

నమస్కారం. కార్యాలయాల్లో, ఇళ్లలో, కంప్యూటర్ తరగతి గదుల్లో తీగల కీబోర్డులూ మౌస్‌లూ తప్పుకుని, వాటి స్థానంలోకి వైర్‌లెస్ పరికరాలు వస్తున్నాయి. ఈ మార్పు మంచిదా చెడ్డదా అన్న చర్చలో రెండు పక్షాలవారూ ఒక సంగతి పట్టించుకుంటున్నట్టు లేదు. కీబోర్డునూ మౌస్‌నూ ఒకే పెట్టెలో జతగా అమ్ముతున్నారు కాబట్టి మనమూ వాటి గురించి జతగానే నిర్ణయం తీసుకుంటున్నాం. నిజానికి ఆ రెండూ చేసే పనులు వేరు, వాటి తీగలు పెట్టే ఇబ్బంది వేరు, వాటి గుండా వెళ్లే సమాచారం విలువ వేరు. మౌస్‌ను వైర్‌లెస్‌కు మార్చుకోవడానికి ఉన్న కారణాల్లో చాలావరకు కీబోర్డుకు వర్తించవనీ, కీబోర్డు విషయంలో తీగనే ఉంచుకోవడం ఎక్కువమందికి మేలనీ విన్నవించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా మౌస్ సంగతి. అమెరికా పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో తొలి నమూనాను తయారుచేసి, 1968 డిసెంబరు 9న దాన్ని బహిరంగంగా ప్రదర్శించిన నాటి నుంచీ మౌస్ చేసే పని మారలేదు. చేతితో పాటు బల్ల మీద కదలడమే దాని పని. కదిలే వస్తువుకు తీగ ఉంటే ఆ తీగ బల్ల అంచుకు రాసుకుంటుంది, కాగితాలను లాగుతుంది, పొడవు చాలకపోతే చేతిని వెనక్కి గుంజుతుంది. పైగా తీగ మౌస్ లోపలికి వెళ్లే చోట రోజూ వంగి వంగి లోపలి రాగి పోగులు తెగిపోతాయి. మౌస్ కాసేపు పనిచేసి కాసేపు మొరాయించడానికి చాలాసార్లు ఆ మెడ దగ్గరి తెగుడే కారణం. వైర్‌లెస్ మౌస్‌తో ఈ బాధలన్నీ ఒక్కసారిగా తీరిపోతాయి. అది ఆలస్యంగా స్పందిస్తుందన్న పాత ఫిర్యాదు కూడా ఇప్పుడు నిలవదు. మామూలు యూఎస్‌బీ మౌస్ తన కదలికను సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి కంప్యూటర్‌కు తెలియజేస్తుంది. ఆటల కోసం తయారయ్యే వైర్‌లెస్ మౌస్‌లు అదే పనిని సెకనుకు 1000 సార్లు చేయగలుగుతున్నాయి.

కీబోర్డు అలా కదిలేది కాదు. ఒకసారి పెట్టిన చోటే నెలల తరబడి ఉండే వస్తువుకు తీగ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తెరకు దూరంగా కూర్చుని పనిచేసేవారికీ, ఒకే కీబోర్డును కంప్యూటర్‌కూ ట్యాబ్లెట్‌కూ మార్చి మార్చి వాడేవారికీ, భుజం నొప్పి వల్ల కీబోర్డును ఒళ్లో పెట్టుకునేవారికీ వైర్‌లెస్ నిజంగానే ఉపకారం. వారిని నేను ఆక్షేపించడం లేదు. తక్కినవారికి దక్కేది బల్ల మీద ఒక తీగ తగ్గడమే. తీగ లేని కీబోర్డు కొత్త ఆలోచనేమీ కాదు. ఐబీఎం సంస్థ 1983 నవంబరులో ప్రకటించిన పీసీజూనియర్ అనే ఇంటి కంప్యూటర్‌కు పరారుణ కిరణాలతో పనిచేసే కీబోర్డును ఇచ్చింది. మధ్యలో ఏదైనా అడ్డొస్తే కొట్టిన అక్షరం యంత్రానికి చేరేది కాదు. ఒకే గదిలో అలాంటి యంత్రాలు కొన్ని ఉంటే ఒక కీబోర్డు సంకేతం మరో యంత్రానికి చేరిపోయేది. అలాంటి చోట్ల తగిలించుకోవడానికి ఆ సంస్థే ఒక తీగను విడిగా అమ్మింది.

ఇప్పటి పరికరాలు పరారుణాన్ని వదిలి రేడియో తరంగాలకు వచ్చాయి కాబట్టి అడ్డంకుల బెడద పోయింది గానీ, రద్దీ బెడద వచ్చింది. బ్లూటూత్ అయినా, కంప్యూటర్‌కు తగిలించి సంకేతాలు అందుకునే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చేవైనా ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో పౌనఃపున్య ప్రాంతంలోనే పనిచేస్తాయి. వైఫై కూడా కొంతవరకు అక్కడే ఉంటుంది, మైక్రోవేవ్ ఓవెన్ నుంచి లీకయ్యే తరంగాలూ అక్కడే. వీటన్నిటికీ తోడు యూఎస్‌బీలో వేగవంతమైన రకమైన యూఎస్‌బీ 3.0 ఉంది. దాని గుండా వేగంగా ప్రవహించే సమాచారం సరిగ్గా ఈ ప్రాంతంలోనే రేడియో రొద పుట్టిస్తుందనీ, పక్కనే ఉన్న వైర్‌లెస్ రిసీవర్ అందుకోగల దూరం దానివల్ల తగ్గిపోతుందనీ ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. బయటి హార్డ్‌డిస్కు తగిలించగానే మౌస్ తడబడుతోందని, కీబోర్డు అక్షరాలు మింగేస్తోందని వాపోయేవారిలో చాలామందికి అసలు కారణం ఇదేనని తెలియదు. బ్యాటరీ మారుస్తారు, కుదరకపోతే కొత్తది కొంటారు. రిసీవర్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చినా, చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో కాస్త ఎడంగా పెట్టినా చాలావరకు సర్దుకుంటుంది. తీగ వద్దనుకుని కొన్న పరికరానికి తీగతోనే చికిత్స చేయవలసి రావడం విచిత్రమే.

ఇవన్నీ ఓర్చుకోదగ్గ ఇబ్బందులు. కీబోర్డు విషయంలో నేను గట్టిగా పట్టుబట్టేది భద్రత గురించి. మౌస్ నుంచి గాలిలోకి వెళ్లేది అది ఎటు కదిలింది, ఏ మీట నొక్కారన్న లెక్క మాత్రమే. ఎవరైనా పట్టుకున్నా దానితో చేయగలిగింది చాలా తక్కువ. కీబోర్డు నుంచి వెళ్లేవి పాస్‌వర్డులు, బ్యాంకు ఖాతా అంకెలు, వైద్యుడు రాసే రోగి వివరాలు, న్యాయవాది రాసే కక్షిదారు సంగతులు. ఇది ఊహాజనిత భయం కాదు. 2015 జనవరిలో శామీ కామ్కర్ అనే భద్రతా నిపుణుడు, చూడటానికి గోడకు పెట్టే మామూలు ఛార్జరులా ఉండి, దగ్గర్లోని ఒక రకం వైర్‌లెస్ కీబోర్డుల మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ నమోదుచేసే చిన్న పరికరాన్ని తయారుచేసి చూపించాడు. 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు చవక వైర్‌లెస్ కీబోర్డులను పరీక్షించి, ఎనిమిది కంపెనీల కీబోర్డులు అక్షరాలను ఎలాంటి ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా సంకేత రూపంలోకి మార్చడం) లేకుండా పంపుతున్నాయనీ, దాదాపు 250 అడుగుల దూరం నుంచి వాటిని చదవవచ్చనీ బయటపెట్టారు. ఆ కీబోర్డుల్లో లోపాన్ని సరిదిద్దే మార్గం కూడా లేదు; పక్కన పడేయవలసిందే.

ఇక్కడ నా వాదనకు నేనే ఒక మినహాయింపు చెప్పాలి. అదే ఏడాది అదే సంస్థ మౌస్‌జాక్ పేరుతో మరో లోపాన్ని వెల్లడించింది. చాలా కంపెనీల మౌస్‌లు తమ కదలికలను ఎన్‌క్రిప్షన్ లేకుండా పంపుతాయి. వాటి రిసీవర్లలో కొన్ని, మౌస్ చిరునామాతో కీబోర్డు సంకేతాలు వచ్చినా అనుమానించకుండా స్వీకరించేవి. అంటే కంప్యూటర్‌కు ఉన్నది వైర్‌లెస్ మౌస్ ఒక్కటే అయినా, సుమారు 100 మీటర్ల దూరంలో ఉన్న అపరిచితుడు ఆ రిసీవర్ ద్వారా తన ఆదేశాలను టైపు చేయగలిగేవాడు. కొన్ని కంపెనీలు రిసీవర్‌లోని ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామును, సరిదిద్దే అప్‌డేట్‌ను విడుదలచేశాయి, మరికొన్ని రిసీవర్లకు ఆ అవకాశమే లేదు. కాబట్టి మౌస్‌ను వైర్‌లెస్‌కు మార్చేవారు కూడా ఏళ్ల నాటి రిసీవర్‌ను అలాగే కొనసాగించడం మంచిది కాదు. బ్లూటూత్ అయితే నిశ్చింత అనుకోవడానికీ లేదు. యజమాని అనుమతి లేకుండానే దొంగ కీబోర్డు ఫోనుకో కంప్యూటర్‌కో జతకాగల లోపం 2023 డిసెంబరులో బయటపడి, పలు ఆపరేటింగ్ సిస్టంలకు అప్‌డేట్‌లు అవసరమయ్యాయి.

తీగ ఉన్నంత మాత్రాన కీబోర్డు దుర్భేద్యమని నేను అనడం లేదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు, తీగ కీబోర్డులు వెదజల్లే విద్యుదయస్కాంత తరంగాలను బట్టి కొట్టిన అక్షరాలను 20 మీటర్ల దూరం నుంచి కూడా గుర్తించవచ్చని 2009లో నిరూపించారు. కీబోర్డుకూ కంప్యూటర్‌కూ మధ్య రహస్యంగా తగిలించి, కొట్టిన అక్షరాలను నమోదుచేసే కీలాగర్లూ ఉన్నాయి. కాకపోతే మొదటి దానికి ప్రత్యేకమైన యాంటెన్నాలు, నైపుణ్యం కావాలి. రెండో దానికి మనిషి గదిలోకి రావాలి. గోడ అవతలి నుంచి చవక రేడియో చిప్పుతో వినగలగడం వేరు, ఇవి వేరు.

రోజువారీ వాడకంలో తెలిసే సంగతులు మరికొన్ని ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టం తెరుచుకునే లోపు కీబోర్డు అవసరమైనప్పుడు, ఉదాహరణకు బయోస్ (కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ప్రోగ్రాము) అమరికలు మార్చాలన్నా, డిస్కు మొత్తానికీ పెట్టుకున్న ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డు ఇవ్వాలన్నా, చాలా కంప్యూటర్లు బ్లూటూత్ కీబోర్డును గుర్తించవు. రిసీవర్‌తో వచ్చే రకానికి ఈ చిక్కు సాధారణంగా లేదు, ఎందుకంటే కంప్యూటర్ ఆ రిసీవర్‌నే మామూలు యూఎస్‌బీ కీబోర్డుగా చూస్తుంది. కానీ గోరంత రిసీవర్ పోతే కీబోర్డు ఉండీ లేనట్టే. ఒకే రిసీవర్‌కు ఆరు పరికరాల వరకు జతచేసుకునే వీలున్నవి కొన్ని ఉన్నాయి, తయారీలోనే విడదీయరానంతగా ముడివేసినవి చాలా ఉన్నాయి. బ్యాటరీల గురించి అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, వాడకుండా లోపలే వదిలేసిన ఆల్కలైన్ సెల్లు కారితే అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ లోహపు రేకులను తినేస్తుంది. ఛార్జింగ్ సెల్లు వేస్తే దాని వోల్టేజి 1.5కు బదులు 1.2 ఉండటం వల్ల నిండుగా ఉన్నా అయిపోవచ్చిందని సూచిక చెప్పవచ్చు. ముప్పై నలభై కంప్యూటర్లున్న గదిలో ఈ సెల్లుల బాధ్యత ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. తీగ కీబోర్డుకు ఇవేవీ లేవు.

తయారీదారులకు నా విన్నపం ఒక్కటే. పెట్టె మీద బ్యాటరీ ఎన్ని నెలలు వస్తుందో పెద్ద అక్షరాలతో రాసేవారు, కీబోర్డు పంపే అక్షరాలకు ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో, ఉంటే ఏ రకమో, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయవచ్చో లేదో, రిసీవర్ పోతే విడిగా దొరుకుతుందో లేదో కూడా రాయాలి. పాఠశాలలు, ఆసుపత్రులు, బ్యాంకుల కొనుగోలు విభాగాలు జతల మోజు వదిలి, మౌస్‌లకు వేరుగా, కీబోర్డులకు వేరుగా టెండర్లు పిలవాలి. మీ పత్రిక సాంకేతిక పేజీలో కొత్త కీబోర్డును సమీక్షించేవారు మీటల మెత్తదనం, రంగులతో పాటు ఈ వివరాలను కూడా కంపెనీని అడిగి ప్రచురించాలనీ, జవాబు రాకపోతే రాలేదనే రాయాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు