వార్షిక నివేదిక: మన కార్బన్ నిధికి తొలి ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

హోటళ్లు, ట్రావెల్స్, పడవల వాళ్లం కలిసి ఒక నిధి పెట్టుకుందామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. మన వ్యాపారాలు వదిలే కార్బన్‌కు బదులుగా ఎక్కడివో క్రెడిట్లు (వేరేచోట అంత కార్బన్ తగ్గించామని ఇచ్చే పత్రాలు) కొనే కంటే, ఆ డబ్బుతో మన చుట్టుపక్కలే పని చేయించాలన్నది ఆలోచన. వినడానికి తేలిగ్గానే ఉంది. ఏడాది తిరిగేసరికి అందులోని చిక్కులన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

మొదటి నెలలన్నీ బిల్లులు సేకరించడానికే పోయాయి. డీజిల్ బిల్లు అడిగితే పన్నుల వాళ్లు వచ్చినంత టెన్షన్ పడినవాళ్లూ ఉన్నారు! నిజానికి లెక్క కష్టమేమీ కాదు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోలు, పెట్రోలైతే సుమారు 2.31 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రోజుకు 10 లీటర్ల డీజిల్ తాగే జనరేటర్ ఏడాదికి దాదాపు 10 టన్నులు వదులుతుందన్నమాట. అతిథులు విమానంలో వచ్చిన లెక్క మాత్రం ఇంకా మన పుస్తకంలోకి ఎక్కలేదు. దూరం నుంచి వచ్చేవాళ్ల విషయంలో అసలు బరువు అక్కడే ఉంది కాబట్టి, ప్రస్తుతానికి మన లెక్క సగం లెక్కే.

మొక్కల సంగతి దాచకుండా చెప్పాలి. నాటిన మొక్కల సంఖ్యను గర్వంగా నోటీసు బోర్డులో పెట్టాం. వేసవి తర్వాత ఒక సభ్యురాలు లేచి, "వాటిలో బతికినవి ఎన్ని?" అని అడిగారు. కమిటీలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆ తప్పు కార్యదర్శిగా నాది. చెట్టు ఎండు బరువులో సుమారు సగం కార్బన్ ఉంటుంది. కార్బన్‌కు ఆక్సిజన్ బరువు కూడా కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బరువు దాదాపు 3.67 రెట్లవుతుంది. ఆ లెక్కన ఎండు బరువు 100 కిలోలయ్యేదాకా ఎదిగిన చెట్టు, అన్నేళ్లలో దాచుకునేది సుమారు 180 కిలోల కార్బన్ డయాక్సైడ్. పైన చెప్పిన జనరేటర్ ఒక్క ఏడాదిలో వదిలేదానికే అలాంటి చెట్లు 50కి పైగా కావాలి. అవి ఎదగాలి, నరికేయకుండా నిలవాలి. అందుకే ఇకపై నాటినందుకు డబ్బు ఇవ్వం. నీళ్లు పోసి కాపాడేవాళ్లకు, వేసవి దాటాక బతికున్న మొక్కలు లెక్కపెట్టి చెల్లిస్తాం.

ఇంకో గొడవ సోలార్ వాటర్ హీటర్‌ది. తన లాడ్జికి నిధి నుంచి సాయం చేయమని ఒక సభ్యుడు అడిగారు. కరెంటు బిల్లు తగ్గుతుంది కాబట్టి ఎలాగూ పెట్టించుకునేవారే. మన డబ్బు లేకపోయినా జరిగే పనిని మన ఖాతాలో రాసుకోకూడదు కదా, అందుకని కాదన్నాం. ఆయన ఇంకా అలిగే ఉన్నారు. వంటింటి వ్యర్థాల బయోగ్యాస్ ప్లాంటుకు మాత్రం వెంటనే సరే అన్నాం. ఆ వ్యర్థాలు చెత్తకుప్పలో కుళ్లితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కలో అది బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుంది. పైగా సిలిండర్ ఖర్చు కూడా తగ్గుతుంది. ప్లాంటు పెట్టే సభ్యులు ఒంటరిగా భరించలేని పని కూడా అది.

కొందరు గుమ్మం మీద అంటించుకున్న 'కార్బన్ న్యూట్రల్' (వదిలిన కార్బన్‌నంతా సరిచేసేశాం అని అర్థం) స్టిక్కర్లు తీసేయమని కోరాం. బయటి సంస్థతో తనిఖీ చేయించి క్రెడిట్లు పొందే ఖర్చు మనలాంటి చిన్న పనులకు గిట్టదు, తనిఖీ లేకుండా ఆ మాట వాడకూడదు. ఆఫ్‌సెట్లను, అంటే వేరేచోట చేయించిన కార్బన్ తగ్గింపులను, చూపించి ఒక ఉత్పత్తి వాతావరణానికి హాని చేయదని ప్రచారం చేసుకోవడాన్ని నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024లో నిబంధన తెచ్చింది. అది 2026 సెప్టెంబరు 27 నుంచి అమల్లోకి వస్తుంది. కాబట్టి రసీదులో 'కార్బన్ నిధికి విరాళం' అని రాయండి, చాలు.

వచ్చే ఏడాది వసూలు పద్ధతి మారుతుంది. గదికి, ట్రిప్పుకి ఇంత అని ఒకే రేటు కాకుండా, ఎంత ఇంధనం కాలిస్తే అంత. ఎక్కువ కాల్చేవాళ్లకు ఇది రుచించదని తెలుసు, సమావేశంలో వాదించుకుందాం. ఇంకా బిల్లులు ఇవ్వనివాళ్లు ఆ రోజు జిరాక్సులు వెంట తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి