పెద్దపాప తలలోంచి చిన్నపాప తలలోకి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. ఇది పేల గురించి రాస్తున్న ఉత్తరం. నవ్వొచ్చినా చివరిదాకా చదవమని మనవి.

పెద్దపాప రెండో తరగతి, చిన్నపాప అంగన్‌వాడీ. ఇలాంటి ఇళ్లు జిల్లాలో ఏ వీధికి వెళ్లినా కనపడతాయి. పెద్దపాప బడిలో పక్కపిల్లతో తల ఆనించి బొమ్మల పుస్తకం చూస్తుంది. పేను ఎగరదు, దూకదు, నడుస్తుందంతే. వెంట్రుకకి వెంట్రుక ఆనితే చాలు, దానికి వంతెన దొరికినట్టే. రాత్రికి అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. తెల్లారి చిన్నపాప అంగన్‌వాడీకి పోతుంది. అక్కడ మధ్యాహ్నం అన్నం తిన్నాక పిల్లల్ని చాప మీద వరసగా, తలలన్నీ గోడవైపుకి పెట్టి పడుకోబెడతారు. ఆ చాప మీది పిల్లల అక్కలేమో మళ్లీ బడిలో అవే బెంచీల మీద కూర్చుంటారు. అందుకే ఇంట్లో ఎంత శుభ్రంగా తీసినా పదిహేను రోజులకి కథ మొదటికొస్తుంది.

బడి ఒక శాఖది, అంగన్‌వాడీ ఇంకో శాఖది, మందు మూడో శాఖది. ముగ్గురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒకే తేదీ ఖాయం చేయించగలిగేది జిల్లాలో మీరు. అందుకే ఎవరికీ విడిగా రాయకుండా మీకే రాస్తున్నాం.

ముందు పేను లెక్క చెప్పాలి, అసలు తేడా వస్తున్నది అక్కడే. ఆడపేను నెల రోజులు బతుకుతుంది, రోజుకి ఆరేడు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లే ఈపులు. చర్మానికి అర సెంటీమీటరు దూరంలో, వెచ్చదనం తగిలేచోట, జిగురుతో వెంట్రుకకి అతికిస్తుంది. చుండ్రు వేలితో అంటే రాలిపోతుంది, ఈపి రాలదు. రెంటికీ తేడా పట్టుకోవాలంటే ఇదొక్కటి చాలు. వారం నుంచి పది రోజుల్లో ఈపి పగిలి పిల్లపేను వస్తుంది. అది పెద్దదై గుడ్లు పెట్టాలంటే ఇంకో తొమ్మిది, పది రోజులు కావాలి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, చర్మానికి సెంటీమీటరు కంటే దూరంగా కనపడే ఈపులు దాదాపుగా ఖాళీ డొల్లలు. వాటిని చూసి పిల్లని బడి నుంచి ఇంటికి పంపడంలో అర్థం లేదు. పైగా మొదటిసారి పేలు పట్టిన పిల్లకి దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టీచరు కంట పడేసరికి ఆ పిల్ల అందరితో నెల రోజులుగా కలిసి కూర్చునే ఉంది.

ఇంట్లో తప్పు జరిగేది ఎక్కువగా మందు రెండోసారి పెట్టే దగ్గర. మెడికల్ షాపులో దొరికే ఒక శాతం పెర్మెత్రిన్ లోషన్ బతికున్న పేలని చంపుతుంది, ఈపులన్నిటినీ చంపదు. కాబట్టి మొదటిసారి పెట్టిన తొమ్మిదో రోజున మళ్లీ పెట్టాలి. అప్పటికి మిగిలిన ఈపులు చాలావరకు పగిలి ఉంటాయి, వచ్చిన పిల్లపేలు ఇంకా గుడ్లు పెట్టే వయసుకి రావు. ఆ సందు తప్పితే మొదటి సీసా దండగ. నడుము దాకా జుట్టున్న పిల్లకి 60 మిల్లీలీటర్ల సీసా ఒక్కసారికే సరిపోతుంది. ఇద్దరు పిల్లలు, రెండేసి సార్లు అంటే నాలుగు సీసాలు, అమ్మ తల కూడా చూస్తే ఆరు. కూలికి పోయే ఇంట్లో మొదటి రెండూ కొంటారు, మిగతావి కొనరు.

రెండో తప్పు కొబ్బరినూనె. నూనె రాసిన తలకి ఈ మందు సరిగ్గా పట్టదు. మామూలు షాంపూతో తలంటి, కండిషనర్ వాడకుండా, తుండుగుడ్డతో తడి ఒత్తేసి, తడిజుట్టుకి కుదుళ్ల నుంచి మందు పట్టించాలి. సరిగ్గా పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. తర్వాత రెండు రోజులు తలంటకూడదు. మర్నాడు దువ్వి చూసినప్పుడు పేలు చురుగ్గా తిరుగుతుంటే, ఆ మందుకి అవి లొంగడం లేదని అర్థం. అప్పుడు ఇంకో సీసా పోయకుండా డాక్టరుకి చూపించాలి.

నూనె మందుకి పనికిరాకపోయినా దువ్వెనకి బాగా పనికొస్తుంది. మందు లేకుండానే పేలు తీసే పద్ధతి ఒకటుంది: ఒకటో రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు. తలంటి, జుట్టుకి కండిషనరో నూనెనో దట్టంగా పట్టించి, ముందు పెద్దపళ్ల దువ్వెనతో చిక్కు తీయాలి. జుట్టుని పాయలుగా విడదీసి ఇనుప పేలదువ్వెన పళ్లు చర్మానికి ఆనించి, కుదురు నుంచి కొసదాకా ఒక్క లాగుడు లాగి, తెల్లగుడ్డ మీద తుడవాలి. గుడ్డ మీద నువ్వుగింజంత గోధుమరంగు చుక్క కదిలితే అదే పేను. చెవుల వెనక, మెడమీది గుంట దగ్గర మళ్లీ మళ్లీ దువ్వాలి, అవి ఎక్కువగా చేరేది అక్కడే. ప్లాస్టిక్ దువ్వెన పళ్లు వంగిపోతాయి, ఈపి సందులోంచి జారిపోతుంది. తిరునాళ్లలో అమ్మే పాత ఈరుబాన (ఈపులు తీసే దువ్వెన) కూడా ఆ ప్లాస్టిక్ కంటే నయం.

ఒక తలకి అరగంట, ఇద్దరికీ గంట. కార్తీకంలో నాట్లు మొదలయ్యాక కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు ఆడవాళ్లు తెల్లవారుజామునే పొలానికి వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలేది నాన్నో, చూపానని అవ్వో. ఇద్దరు పిల్లలకి రెండేసి చొప్పున నాలుగు జడలు, రిబ్బన్లు, బడి గంట లోపల పూర్తవ్వాలి. పైగా ఆ నెలల్లోనే వానలు, తల ఆరదు, తడిజుట్టుకే జడ వేసేస్తారు. ఆ పొద్దున పేలదువ్వెన పట్టమంటే ఎవరు పడతారు? ఆదివారం పడతారు. తొమ్మిదో రోజు ఆదివారం రాదు.

ఇక భయపడాల్సిన సంగతి. తీరిక లేని ఇల్లు ఒక్కదెబ్బతో పోయే మందు వెతుకుతుంది. కిరోసిన్ రాస్తారు. చర్మం కాలుతుంది, నిప్పు సెగ తగిలితే అంటుకుంటుంది, నోట్లోకో ఊపిరిలోకో పోతే ప్రాణం మీదికొస్తుంది. పశువుల గోమార్లకి చల్లే పొడి, పొలంలో కొట్టే మందు తలకి రాసేవాళ్లూ ఉన్నారు. పుండ్లు పడ్డ తలలోంచి ఆ విషం నేరుగా ఒంట్లోకి పోతుంది. గుండు ఒక దారే, మూడేళ్ల పాపకి తిరుమల మొక్కుతో సరిపోతుంది. ఏడేళ్ల పిల్ల ఒప్పుకోదు, బలవంతంగా ఒప్పించకూడదు కూడా. పేల వల్ల రక్తం తగ్గిపోయిందనే మాట కూడా మామూలుగా నిజం కాదు. పిల్ల నీరసంగా ఉంటే కారణం వేరేచోట వెతకాలి. గోకి గోకి పుండ్లు పడి, చీము పట్టి, మెడ వెనక బిళ్లలు కట్టడం మాత్రం నిజం. అప్పుడు ముందు పుండుకి వైద్యం చేయించాలి.

అయ్యా, దీనికి దారి మన దగ్గర ఇప్పటికే ఉంది. 2015 నుంచి నులిపురుగుల మందు ఇలాగే ఇస్తున్నారు. ఏడాది నుంచి 19 ఏళ్ల దాకా పిల్లలకి, బడిలోనూ అంగన్‌వాడీలోనూ ఒకే రోజు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు, రెండేళ్ల లోపు వాళ్లకైతే సగం. ఒక ఇంట్లో వేసి పక్కింట్లో మానేస్తే లాభం లేదని తెలుసు కాబట్టే అందరికీ ఒక్కరోజు పెట్టారు. మామూలుగా అది ఫిబ్రవరి 10న, ఆ రోజు రానివాళ్లకి 17న. ఆ రెండో తేదీని 17 తర్వాత ఒకట్రెండు రోజులకి జరిపితే పేను లెక్కకి అచ్చంగా సరిపోతుంది. సంక్రాంతికి పిన్ని పిల్లలూ మామ పిల్లలూ అంతా ఒకే చాప మీద పడుకుని వచ్చిన తర్వాత పడే తేదీ కూడా కావడం మరీ మంచిది.

మేం అడిగేది ఆ తేదీల్లోనే, ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకీ దాని చుట్టూ ఉన్న అంగన్‌వాడీలకీ కలిపి, తలలు చూసే పని పెట్టమని. మొదట ఒక్క మండలంలో చేసి చూడండి. మందు అందరికీ పంచొద్దు, బతికున్న పేను కనిపించిన పిల్లకే ఇవ్వాలి, అదీ రెండుసార్లకి సరిపడా ఒకేసారి, ఇంట్లో అక్కాచెల్లెళ్ల కోసం కూడా లెక్కేసి. అవసరం లేని తలలకి పోస్తే డబ్బూ దండగ, మందుకి లొంగని పేలూ పెరుగుతాయి. ఆడపిల్లలందరికీ ఒక ఇనుప దువ్వెన ఇవ్వండి, ఎవరిది వాళ్లకే. ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్‌లో సంచీ, బూట్లు, బెల్టు ఉన్నాయి, అంత సంచీలో ఒక దువ్వెనకి చోటు దొరక్కపోదు. కిట్ మీ చేతిలో లేదంటే జిల్లా నిధుల నుంచైనా చూడండి.

తలలు చూసేటప్పుడు తెర కట్టాలి. పేర్లు పైకి చదవకూడదు, బోర్డు మీద రాయకూడదు. చీటీ తల్లి చేతికో తండ్రి చేతికో ఇవ్వాలి. పేలు శుభ్రం లేనివాళ్లకే వస్తాయనే మాట టీచర్ల నోటి నుంచి రాకుండా చూడండి. రోజూ తలంటుకునే పిల్లకీ వస్తాయి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే బాల స్వాస్థ్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తూనే ఉన్నాయి, వాళ్ల పరీక్షలో తల కూడా ఒక గడిగా చేర్చండి. 2024 డిసెంబర్ 7న, 2025 జులై 10న జరిగినట్టు తల్లిదండ్రుల సమావేశం మళ్లీ పెట్టినప్పుడు, ఉపన్యాసాల మధ్య ఒక పది నిమిషాలు ఆశా కార్యకర్తతో దువ్వెన పట్టడం చూపించండి. నాన్నలని ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఖర్చు లేకుండా రేపే చేయగలిగింది ఒకటుంది. అంగన్‌వాడీ చాప మీద పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేట్టు, తారుమారుగా పడుకోబెట్టమని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. దిండ్లూ దుప్పట్లూ మూటలు కట్టి ఉడకబెట్టాలని చెప్పక్కర్లేదు. తల వదిలిన పేను ఒకటి రెండు రోజుల్లో చస్తుంది, దిండు గలీబు వేడినీళ్లతో ఉతికి ఎండలో వేస్తే చాలు.

ఇట్లు,
ఇద్దరేసి ఆడపిల్లలున్న కొందరు తల్లిదండ్రులు,
నెల్లూరు జిల్లా.