నా తలలో తిరిగే మీటరు

రాజంపేట

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వు అలిగావు. "ఎప్పుడు చేసినా తిన్నావా, ఒళ్లు బాగుందా, సరే ఉంటాను... ఇంతేనా? నాతో మాట్లాడాలని ఉండదా నీకు?" అన్నావు. జవాబు చెబుదామనుకుంటూనే అలవాటు కొద్దీ పెట్టేశాను. పెట్టేశాక నవ్వొచ్చింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద నేను ఎంతసేపైనా మాట్లాడగలను. ఇన్‌లాండ్ కవరులో చోటు చాలక మడత పెట్టే అంచుల మీద కూడా రాసిన కాలం దాన్ని.

బస్టాండు ఎదురుగా మన ఎస్టీడీ బూతు 1993 నుంచి నీకు పదేళ్లు వచ్చేదాకా నడిచింది. నీకు గుర్తున్నది పసుపుపచ్చ బోర్డు, గాజు గదిలో తిరిగీ తిరగని ఫ్యాను అంతే అనుకుంటాను. నా కాలు పోలియోకు పోయింది కదా, బూతుల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఉందని తెలిసి మీ తాత పట్టుబట్టి దరఖాస్తు పెట్టించాడు. పెళ్లి కాదనుకున్న పిల్లకు కనీసం ఒక కుర్చీ దొరుకుతుందని ఆయన ఆశ. కుర్చీ దొరికింది, దాని వెనకే పెళ్లీ అయింది. మీ నాన్న మొదట మన బూతుకు ఫోను చేసుకోవడానికి వచ్చిన మనిషే. ఆ కథ ఆయన్నే అడుగు, నాకంటే బాగా కోతలు కోస్తాడు.

నా బల్ల మీద ఎర్ర అంకెల మీటరు ఉండేది. దూరం పెరిగేకొద్దీ దాని వేగం పెరిగేది. కడపకు నడక, హైదరాబాదుకు పరుగు, కువైట్‌కు అయితే పూనకం. మన తాలూకాలో కువైట్‌కు మనిషిని పంపని వీధి తక్కువ. అక్కడ శుక్రవారం సెలవు. మనకంటే రెండున్నర గంటలు వెనక. శుక్రవారం వాళ్లు నిద్ర లేచే వేళకు ఇక్కడ మన అరుగు మీద ఆడవాళ్లు, పిల్లలు వరుసగా కూర్చుని ఉండేవాళ్లు. కొందరు చెప్పాల్సినవి చీటీ మీద రాయించుకుని వచ్చేవాళ్లు: వడ్డీ, ఇంటి కప్పు, బడి ఫీజు, గేదె ఈనింది. లోపల నిలబడి మీటరు వంక చూస్తూ చీటీలోవి గబగబా అప్పజెప్పేవాళ్లు. చీటీలో లేని మాట ఒక్కటీ బయటికి వచ్చేది కాదు.

ఒకసారి ఒకామె లోపలికి వెళ్లింది, అవతల భర్త ఎత్తాడు, ఈమె ఏడవడం మొదలుపెట్టింది. అంతే. అతనూ ఏమీ మాట్లాడలేదేమో, ఈమె పెదవి కదల్లేదు. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది. బిల్లు చీటీ చింపి ఇచ్చాను, ఆమె ముడి విప్పి డబ్బులిచ్చింది, నేను తీసుకున్నాను. తీసుకోక ఏం చేయను? యూనిట్ల లెక్కన నెలాఖరుకు కట్టాల్సింది నేను. అయినా ఆ చీటీ ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది.

ఇప్పుడు మీ మామ సంగతి. వాడు కువైట్ నుంచి ఫోను చేస్తే మూడు మాటలు: "డబ్బు పంపాను. ఒంట్లో బాగుంది. అమ్మ జాగ్రత్త." మా అమ్మ, అదే మీ అవ్వ, నొచ్చుకునేది, వీడు అరబ్బువాడైపోయాడని. ఒకసారి ఊరికి వచ్చే మనిషి చేత వాడు ఒక క్యాసెట్ పంపాడు. ఆ రోజుల్లో గల్ఫ్ ఇళ్లలో అది మామూలే, ఉత్తరం రాయలేనివాళ్లు టేపు రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి పంపేవాళ్లు. దాన్ని పెట్టి విన్నాం. గంటసేపు ఆగకుండా మాట్లాడాడు! పప్పు మాడిన సంగతి, గదిలో నెల్లూరు అతని గురక, ఎండలో కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలడం, చిన్నప్పుడు మన బావిలో పడ్డ చెంబు. మధ్యలో "అమ్మా, వింటున్నావా?" అన్నాడు. మీ అవ్వ టేపు రికార్డరు వైపు వంగి "వింటున్నాను నాయనా" అంది.

అదే మనిషి, అదే గొంతు. ఫోనులో రాయి, క్యాసెట్‌లో ఏరు. మధ్యలో మారింది మీటరొక్కటే. మాటకు ధర కట్టినప్పుడు మనిషి అవసరమైనవే చెబుతాడు. అవసరం లేనివి చెప్పుకున్నప్పుడే కదా దగ్గరితనం తెలిసేది.

నా ముందు కాలాల్లోనూ ఇదే తంతు. టెలిగ్రాముకు పదాల లెక్కన డబ్బు, అందుకే "నాన్నకు సీరియస్, వెంటనే బయలుదేరు" అన్నవి నాలుగు ఇంగ్లీషు ముక్కలై వచ్చేవి. చదవగల మాస్టారు వచ్చేలోపే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. 2013 జులైలో టెలిగ్రామును ఆపేశారని పేపర్లు బాధగా రాశాయి. నాకేమీ బాధ కలగలేదు, అది మన ఇంటికి ఒక్క మంచి వార్తా తేలేదు. ఇక ట్రంకు కాల్‌ అంటే ఎక్స్ఛేంజికి చెప్పి గంటలు గంటలు కాచుకోవడమే. ఆపరేటరు లేకుండా నేరుగా నంబరు తిప్పే ఎస్టీడీ మన దేశంలో 1960లోనే లక్నో, కాన్పూరుల మధ్య మొదలైనా, మనలాంటి ఊళ్లకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. 1984లో సీ-డాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థను పెట్టి, ఏసీ గది అక్కర్లేకుండా మన దుమ్మునూ ఎండనూ తట్టుకునే ఎక్స్ఛేంజీలు తయారు చేశాకే పల్లెల్లో ఫోన్లు మోగాయి. నా కుర్చీకి మూలం అది.

మన దేశంలో సెల్‌ఫోను మొదటి కాల్‌ 1995 జులై 31న. కలకత్తా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడాడు. అప్పట్లో వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. 2003లో వచ్చే కాల్‌ ఉచితమయ్యాక మనవాళ్ల తెలివి చూడాలి! మిస్డ్ కాల్‌ ఒక భాషే అయింది. ఒకసారి మోగితే బస్సు ఎక్కాను, రెండుసార్లు మోగితే దిగాను. నువ్వు హాస్టల్ నుంచి ఇచ్చినవన్నీ అవే. నిమిషానికి ఇంత అన్నప్పుడు యాభై ఎనిమిదో సెకనుకు గొంతు కోసినట్టు పెట్టేసేవాళ్లం. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అన్నాక ఆ లెక్క తప్పింది. మీరు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం చూసి మీ నాన్న తిట్టేవాడు కదా, దాంట్లోనూ మీటరు చెయ్యి ఉంది. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. ఫోన్లలో తెలుగు అక్షరాలు వచ్చాక కూడా తెలుగులో రాస్తే రెండింతలు ఖర్చు. పిల్లలను తిట్టి ఏం లాభం?

ఆ రోజులే బంగారం అంటుంది మీ పెద్దత్త. నేను ఒప్పుకోను. హాల్లో ఉన్న ఫోను దగ్గర అత్తా మామా కూర్చుని ఉంటే కోడలు పుట్టింటికి ఏం చెప్పగలదు? "బాగున్నాను" తప్ప. బాగాలేని వాళ్లు కూరగాయలకని చెప్పి మన బూతుకు వచ్చేవాళ్లు. గాజు తలుపు వేసుకున్నా మాట నాకు వినిపించేది, మొహం వీధికంతా కనిపించేది. ఊరి గుట్లు సగం నా కడుపులో ఉన్నాయి, అక్కడే ఉంటాయి. చేతిలో ఫోను వచ్చాక ఆడపిల్లకు మొదటిసారి గడియ ఉన్న తలుపు దొరికింది. ఆ ఫోను లాక్కోవడానికి ఎన్ని ఇళ్లలో ఎన్ని గొడవలు జరిగాయో చూసినదాన్ని, అందుకే నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు నీ ఫోను తీసి చూడమని మీ నాన్న అంటే వద్దన్నాను. ఈ సంగతి నీకు తెలియదు.

బూతు మూతపడ్డాక కొన్నాళ్లు రీచార్జి కూపన్లు అమ్మాను, తర్వాత జిరాక్స్ మిషను. 2016లో జియో వచ్చాక మాటకు ధరే లేకుండా పోయింది. మన వెనక వీధి అమ్మాయి కువైట్‌లో ఎవరి పిల్లలకో వండి పెడుతూనే, ఫోను గోడకు ఆనించి ఇక్కడ తన కొడుకు అన్నం తినడం చూస్తుంది. వాడు పెరుగు వద్దంటే అక్కడి నుంచే అరుస్తుంది. నా గాజు గదిలో ఇది ఊహించగలిగేవాళ్లమా?

మీటరు మాత్రం నా తలలో ఆగలేదు చిన్నీ. నువ్వు హలో అనగానే ఎర్ర అంకెలు కదులుతాయి. నీ డబ్బు పోతోందని కాదు, అసలు డబ్బే పోవడం లేదని తెలుసు. అయినా రెండో నిమిషం దాటితే ఎవరో వరుసలో నిలబడి ఉన్నట్టు ఉంటుంది.

నువ్వూ ఒక పని చెయ్యి. "ఇంకా విశేషాలు చెప్పు" అనకు. అలా అడిగితే నాకు చీటీ గుర్తొస్తుంది. ఈ ఆదివారం పొద్దున్నే చెయ్యి, స్పీకరులో పెట్టి బల్ల మీద వదిలేస్తాను. చిక్కుడుకాయలు ఈనెలు తీయాలి, కిలోన్నర తెచ్చాడు మీ నాన్న. నువ్వు నీ బట్టలు ఉతుక్కో. నేను పొరపాటున పెట్టేస్తే మళ్లీ చెయ్యి.

ఇట్లు
మీ అమ్మ