గొల్లపల్లి తాతగారికీ, ఆ ఇంటివాళ్లకీ

ఒళ్లు పులిసిపోయింది, కళ్లు మండుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు. మా అమ్మాయి వీణ ప్రాక్టికల్ ఈ రోజు విజయనగరంలో అయిపోయింది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చున్న సంగీత కళాశాల అది. ఎలా వాయించిందో మార్కులొస్తే తెలుస్తుంది. తన వీణ మీద తను వాయించింది, నాకదే పదివేలు.

సెలవులకి హైదరాబాద్ వెళ్తూ సాధన ఆగకూడదని వీణ కూడా పట్టుకెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో దానికి చోటు లేక ఒక పార్సిల్ సర్వీసులో వేశాం. పెట్టె నాలుగు వైపులా ‘జాగ్రత్త’ అని ఎర్రక్షరాలతో రాశాం. ఎవరు చూశారు! మే నెల ఎండలో రేకుల షెడ్డులో పడేసినట్టున్నారు. రాజాంలో విప్పి చూస్తే దండి (వీణ పొడుగాటి మెడ) మీద మెట్లని పట్టి ఉంచే మైనం కరిగి జారిపోయింది, పై స్థాయి మెట్లన్నీ ఓ పక్కకి ఒరిగిపోయాయి. సొరబుర్ర నొక్కుకుపోయి చీలింది, తీగ బిగించే బిరడ ఒకటి విరిగింది. పరీక్ష ఎల్లుండి. ఆఫీసుకెళ్లి అడిగితే రసీదు వెనక చదువుకోమన్నారు. ఇన్సూరెన్స్ కట్టలేదు గనక వంద రూపాయలు ఇస్తారట. అదీ దరఖాస్తు పెట్టుకుంటేనే. ఇంకా రాస్తే నా నోరు మంచిది కాదు.

పిల్ల గురువుగారు ఫోన్లో ఒకటే మాట అన్నారు: “ఆలోచించకండి, గొల్లపల్లి తీసుకుపోండి.” బొబ్బిలి పక్కనే ఉంటుంది, బొబ్బిలి వీణలు చేసేది ఆ ఊళ్లోనే.

మేం వెళ్లేసరికి పొద్దు వాలిపోతోంది. వీణలు చేసే తాతగారి ఇల్లే ఆయన పనిశాల. ముందు పెరట్లో పనసచెట్టు, గట్టు వెంట కనకాంబరాలు, పని చేసుకునే పాక మీదికి పాకిన సొరపాదు. పాదుకి ఒక ముదురుకాయ, చుట్టూ వల కట్టి ఉంది. “కూరకి కాదమ్మా అది, వీణకి. ఇప్పుడందరూ ఫైబర్ బుర్రలే ఏస్తన్నారు గానీ మా ముసిలాయన ఒప్పుకోడు” అంది మామ్మగారు, మేం అడక్కుండానే. పాకలో ఉలులు, బాడిశ, మోకాలెత్తున పనసచెక్క పేళ్లు. ఓ వరసలో జానెడు జానెడు బొమ్మ వీణలు.

తాతగారు మా వీణని పడుకోబెట్టి కుండ మీద వేళ్లతో తట్టారు. దండి పొడుగునా అరచేయి పెట్టి రాసుకుంటూ పోయారు. “కర్రకేటీ అవలేదు. ఏకాండి వీణ, అతుకు లేదు కదా, అందుకే తట్టుకుంది. మిగతాది మనం చేసుకునేదే” అన్నారు. చేస్తున్న బొమ్మ వీణల్ని మూలకి జరిపారు. ఆర్డరు ఉందేమో కదా అంటే, “స్టేజీ మీద శాలువాతో పాటు ఇచ్చీవే కదమ్మా. శాలువా రెండ్రోజులు ఆగుద్ది” అన్నారు.

పాత మైనానికి అతుకులు పెడితే, తీగ లాగి స్వరాన్ని ఊపే గమకం దగ్గర దొరికిపోద్దని మైనమంతా గీకి తీసేశారు. తేనెమైనం, గుగ్గిలం, బొగ్గుపొడి కుంపటి మీద కలిపి దండికి రెండు వైపులా గట్టులా పోశారు. ఇక 24 మెట్లు, ఒక్కొక్కటీ తీగ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి నొక్కడం. రాత్రి కరెంటు పోయింది. మా అమ్మాయిని పిలిచి ఫోన్ లైటు పట్టుకోమన్నారు. అప్పటిదాకా అది ఏడ్చి ఏడ్చి ఓ మూల కూర్చుంది. “నా చెవి మందగించింది తల్లీ. సుతి కుదిరిందో లేదో నువ్వే చెప్పాల. నువ్వు సరే అంటేనే నొక్కుతాను” అన్నారు. మొదటి రెండు మెట్లకీ దాని నోట మాట రాలేదు. మూడోదానికి “కొంచెం పైకి, తాతగారూ” అంది. అక్కడి నుంచి గురువుగారిలా చెప్పడం మొదలెట్టింది, ఆయన “చిత్తం” అంటూ జరపడం. నేను నిజమే అనుకున్నాను, పాపం చెవుడేమో అని. ఇంతలో పెరటి వెనక కొడుకు చీకట్లోనే చెక్కలు సర్దుతూ ఒకదాన్ని కింద పడేశాడు. ఈయన తలెత్తకుండానే, “అది ఇంకా ఆరలేదురా, పక్కన పెట్టు” అన్నారు. శబ్దం విని! నాకు అప్పుడర్థమైంది. లేచి పనసచెట్టు దగ్గరకి పోయి ఏడ్చేశాను. మామ్మగారు వచ్చి ఏమీ అడగలేదు, గ్లాసుడు మజ్జిగ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఒక మాట రాయకుండా ఉండలేను. బొబ్బిలి వీణకి 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనమంతా గొప్పగా చెప్పుకుంటాం. ఈయనకేమో పింఛను దగ్గర వేలిముద్ర పడదట. ఏళ్ల తరబడి ఉలి పట్టి వేలిగీతలు అరిగిపోయాయి. మిషను ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటుందట, పింఛను ఇచ్చేవాళ్లు ‘రేపు రండి’ అంటారట. ఆయన దీన్ని నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. తీగ వెంట్రుకవాసి తప్పితే పట్టే వేళ్లని గుర్తు పట్టలేని మిషను ఎవరు కొన్నారో గానీ!

మర్నాడు మధ్యాహ్నానికి పని పూర్తయింది. మైనానికీ బిరడకీ మాత్రం డబ్బు తీసుకున్నారు, కూలి వద్దన్నారు. పాతకాయ ఎండబెట్టి దాచిన బుర్ర వేశారు కదా, దానికెంత అంటే, “పాదు మా ఆవిడిది, ఆవిణ్ణే అడగండి” అన్నారు. ఆవిడ “సొరకాయకి డబ్బులేటమ్మా, పోండి” అంది. పేరు రాయొద్దన్నారు గనక రాయడం లేదు. తాతగారూ, మామ్మగారూ, మీకు శతకోటి నమస్కారాలు.

మా ఆయన, మా అత్తగారు ఎప్పటిలాగే అన్నీ చూసుకున్నారు. మా తమ్ముడు ఈ రోజు కారు తెచ్చాడు.

అయ్యో, ఆటో అబ్బాయిని మర్చిపోయాను. రాజాం నుంచి బొబ్బిలి దాకా వీణ కుదుపుకి కదలకుండా గుంతలున్న చోటల్లా దిగి నడిచినంత నెమ్మదిగా నడిపాడు, వెయిటింగ్‌కి పైసా తీసుకోలేదు. తాతగారి వీధిలోనే ఇంకో ఇంటివాళ్లు సరిపోయే బిరడ ఇచ్చారు, వాళ్లక్కూడా. టీకొట్టు బాబుకి. గురువుగారికి మరీ మరీ. పక్కింటి అక్కా, నువ్వు కట్టిచ్చిన పులిహోర కేరేజీ గొల్లపల్లిలోనే ఉండిపోయింది, ఆదివారం స్వీట్లు పట్టుకెళ్తున్నాం కదా, అప్పుడు తెచ్చిస్తాను.